రెండు వందలకు రెండు వందలు

ఆయాసం వచ్చినప్పుడు పీల్చుకునే పంపులు మన ఊళ్లో నూటికి నూరు పాళ్లూ నమ్మదగినవని పంపుల నాణ్యతా పరిశీలన సంఘం నిర్ధారించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆ సంఘానికి కార్యదర్శిని నేనే. అబద్ధమాడాల్సిన ఖర్మ నాకేం పట్టలేదు.

అయినదానికీ కానిదానికీ వంకలు పెట్టేవాళ్లు కొందరుంటారు. మా ఆఫీసు కుర్చీలు బాగుచేసే వడ్రంగి మేస్త్రి ఆ బాపతే. "పాత పంపు నొక్కితే బుస్సుమని చప్పుడొచ్చేదండీ, మందు రాదు. మొన్న పని మధ్యలో రంపం వదిలేసి కూలబడిపోయాను" అంటూ కొత్తగా కొన్న పంపు తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. "ఇదైనా పనిచేస్తుందేమో చూసి చెప్పండి. నాకున్నది ఇదొక్కటే."

ఒక్కటే అన్నాడు కదా, ఒళ్లు దగ్గర పెట్టుకుని చూశాం. పంపులో రెండు వందల మోతాదులుంటాయి. నాలుగు నొక్కి బాగుందనేసి చేతులు దులుపుకునే రకం కాదు మా ఇన్‌స్పెక్టరు. కిటికీ వైపు గురిపెట్టి, రెండు వందలూ నొక్కాడు. బొటనవేలు బొబ్బలెక్కితే రెండు రోజులు సెలవిచ్చాం. ఒక్క నొక్కు కూడా తప్పలేదు.

ధ్రువపత్రం ఇవ్వడానికి సభ పెట్టాం. తివాచీ అప్పటికప్పుడు దులిపి పరిచాం. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "రెండు వందలకు రెండు వందలు! ఇంత నమ్మకంగా పనిచేసే మనిషి మనలో ఒక్కడున్నాడా?"

చప్పట్లు మోగాయి. మేస్త్రి పంపు అందుకుని, చెవి దగ్గర పెట్టి ఊపి చూశాడు.

"అయ్యా, ఇందులో ఏం మిగల్లేదండీ!"

"మిగిలితే పరీక్ష సగంలో ఆగినట్టేనయ్యా" అని అధ్యక్షులు ఓపిగ్గా విడమరిచి చెప్పారు.

తివాచీ దుమ్ముకు మేస్త్రి దగ్గడం మొదలెట్టాడు. ఛాతీలో పిల్లికూతలు వెనక వరుసదాకా వినిపించాయి. ఖాళీ పంపు నొక్కాడు, మళ్లీ నొక్కాడు. పెదాలు నల్లబడ్డాయి. "ఆనందం పట్టలేకపోతున్నారు" అని అధ్యక్షులు ప్రకటించారు. మేం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టాం.

"మనిషి పోతుంటే చప్పట్లేంటయ్యా, తప్పుకోండి!" అంటూ రెండో వరుసలోంచి కుట్టుపని చేసే ఆవిడ పరిగెత్తుకొచ్చింది. ఆవిడదీ అదే జబ్బు. తన పంపు అతని నోట్లో పెట్టి, "నెమ్మదిగా పీల్చు తమ్ముడూ. పట్టి ఉంచు. ఆఁ, మళ్లీ" అంది. పావుగంటకు మేస్త్రి ముఖంలో రంగొచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకూ కళ్లు చెమర్చాయి.

ఆవిడ చేతిలోని ఇంత గొప్ప పంపుకు ధ్రువపత్రం లేకపోవడం అధ్యక్షులవారిని కలచివేసింది. ఇన్‌స్పెక్టరు రెండో చేతి బొటనవేలు సిద్ధం చేశాడు.

"నాకు కావాలండీ అది! పొద్దుట్నుంచీ నాకూ పట్టేస్తోంది" అందావిడ.

"ఊరికే తీసుకుంటామా అమ్మా? పత్రం ఇస్తాంగా" అన్నారు అధ్యక్షులు.

లెక్క తప్పకూడదని సభంతా ఒక్క గొంతై లెక్కపెట్టింది. అరవై దాటేసరికి ఆవిడ కుర్చీలో ముందుకు వంగి, గుండె పట్టుకుంది. "ఆపండి" అని మేస్త్రి అరిచాడు గానీ, ఇప్పుడిప్పుడే తిరిగొచ్చిన ఊపిరి, మా లెక్క ముందు ఏం వినబడుతుంది? నూట పద్నాలుగు దగ్గర పంపు ఆగిపోయింది. సభ ఉసూరుమంది.

నమ్మదగని పంపుతో సాటి రోగి ప్రాణాలకు ముప్పు తెచ్చినందుకు ఆవిడకు నోటీసివ్వమన్నారు. అక్కడికక్కడే రాసి చేతికిచ్చాను. ఏదో చెప్పబోయింది, మాట రాలేదు. అభ్యంతరం తెలుపలేదని నమోదు చేశాను.

"ఎవరైనా అంబులెన్సుకు ఫోన్ చెయ్యండయ్యా" అని మేస్త్రి ఒక్కొక్కరి కాళ్లూ పట్టుకుంటున్నాడు. హాల్లో నూట పన్నెండు మందిమి. మేస్త్రి తప్ప ఫోన్ లేనివాడు ఒక్కడూ లేడు. అయితే అందరం వీడియో తీస్తున్నాం కాబట్టి ఎవరి ఫోనూ ఖాళీగా లేదు. వీడియో మీకూ వచ్చే ఉంటుంది. చివరిదాకా చూశారట కదా.