మెట్లు వెళ్లిపోయిన ఫ్యాక్టరీ

సామర్లకోటలో పేర్రాజుగారి బిస్కెట్ల కంపెనీ దివాలా విచారణకు వెళ్లిన రోజు ఉదయం, పై అంతస్తుకు పోయే మెట్లు గోడ నుంచి విడిపోయి గేటు దాటి వెళ్లిపోయాయి. వాచ్‌మన్ గేటు తీసి పక్కకు జరిగాడు. ఒప్పందంలో అలాగే ఉంది మరి: "అద్దెకు తీసుకున్న కంపెనీ దివాలా తీసిన క్షణాన ఈ మెట్లు ఎవరినీ అడగకుండా వెళ్లిపోవచ్చును." మెట్లు అద్దెకు తెచ్చుకోవడం ఆ ఊళ్లో మామూలే. ఇబ్బందల్లా, ఆ సమయానికి పేర్రాజుగారూ, ప్యాకింగు చేసే ఆడవాళ్లూ పైనే ఉండిపోయారు.

కంపెనీని నడపడానికి ట్రిబ్యునల్ పంపిన అధికారిణి హైమవతి మధ్యాహ్నానికి వచ్చింది. పై కిటికీలోంచి ప్యాకింగు చేసే నూకరత్నం కేకేసింది.

"అమ్మగారూ, ఇంటికాడ చంటోడు పాలకి ఏడుత్తుంటాడండి. మేం దిగేదెలాగండి?"

హైమవతి నిచ్చెనలకు కబురు పెట్టింది. అవి గేటు దాకా వచ్చి, అతికించిన దివాలా నోటీసు చదువుకుని వెనక్కి తిరిగాయి. వాటి ఒప్పందాలూ అలాంటివే. ఇక ఆమె మెట్లనే వెతుక్కుంటూ బయల్దేరింది.

కొత్తగా కడుతున్న కల్యాణ మండపం ముందు అవి బేరమాడుతూ కనిపించాయి.

"దివాలా ఒక్కటే కారణమైతే మీరు వెళ్లడానికి వీల్లేదండి. విచారణ నడిచినన్నాళ్లూ ఆ షరతు చెల్లదు" అంది హైమవతి. "వేరే కారణమేదైనా ఉందా? అద్దె ఆపారా? సరిగా చూసుకోలేదా?"

మెట్లు బేరం ఆపి ఆమె వైపు తిరిగాయి.

"అబద్ధమెందుకండి. నూకరత్నం రోజూ తడిగుడ్డెట్టి తుడిచేదండి. పేర్రాజుగారైతే చెప్పులిప్పి ఎక్కేవోరు."

"మరెందుకు వచ్చేశారు?" ఆమెకు నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"దివాలా అన్న మాట చెవిన పడిందండి. అంతే, మా అంతట మేమే కదిలిపోయాం. మునిగే చోట ఉండకూడదంటారు కదండి."

"అందరూ లేచిపోతేనే అది మునిగేది."

ఈ సంగతి మెట్లకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. సాయంత్రానికి వచ్చి గోడకు ఆనుకున్నాయి. అందరికంటే ముందు నూకరత్నం పరుగున దిగి ఇంటికి పోయింది. ఆఖరున పేర్రాజుగారు దిగి, హైమవతి దగ్గర నిలబడ్డారు.

"రోజూ పొద్దున్నే నాతో నడవడానికి నలుగురు స్నేహితులొచ్చేవారండి. ఇవాళ ఒక్కరూ రాలేదు. వాళ్లని కూడా వెనక్కి రప్పించగలరా?"

"రాతపూర్వకంగా ఏమైనా ఉందాండి?"

"లేదండి. స్నేహమే."

"అయితే నా చేతిలో లేదండి. చట్టం ఒప్పందాల వరకే."

పేర్రాజుగారికి అది సబబుగానే తోచింది.

మర్నాడు ఆయన కాలువ గట్టు మీద ఒక్కరే నడుస్తున్నారు. ఎదురుగా రైసుమిల్లు సూర్యచంద్రం వస్తూ దూరం నుంచే చెయ్యెత్తాడు. అతని మిల్లు కూడా దివాలాకు వెళ్లిందని ఆ ఉదయమే పేపర్లో పడింది. పేర్రాజుగారు నవ్వి పలకరిద్దామనే అనుకున్నారు. ఈలోగా ఆయన కాళ్లు ఆయన్ని రోడ్డు దాటించేశాయి.

దానికి ఏ సెక్షనూ లేదు. అవతలి పక్క నీడ కూడా బాగానే ఉంది. పేర్రాజుగారు తల వంచుకుని నడక సాగించారు.