ఉమ్మడి తేనెటీగ

ఆ పొద్దున జనార్దనయ్య పథకం చాలా తేలికైనది. ఉమ్మడి పెట్టెలోంచి తేనెటీగ బొమ్మ తీసుకోవడం, మూడో తరగతికి పాఠం చెప్పడం, ఆత్మకూరు నుంచి బస్సులో వచ్చే ఇనస్పెక్టరు చేత పాసనిపించుకోవడం. పోయినేడు పరీక్ష తప్పాడు. ఈసారీ తప్పితే పంతులు ఉద్యోగం మాట మరిచి, ఉదయగిరి బజారులో మామగారి చెక్కగరిటెల అంగట్లో కూర్చోవాలి. గరిటెలతో అతనికి పేచీ లేదు, మామగారి నోటితోనే.

ఉమ్మడి పెట్టె ఆలోచన అతనిదే. "ఎవురి పాఠం వాళ్లు రాసుకొని, ఎవురి బొమ్మ వాళ్లు గీసుకొని చచ్చేదేంది? అన్నీ ఒకచోట పెడితే అందరికీ పనికొస్తాయి గదా!" అని ట్రైనింగు స్కూల్లో తోటివాళ్లను ఒప్పించాడు. తలా ఒక పాఠం, ఒక బొమ్మ వేశారు. జనార్దనయ్యకు బొమ్మలు రావు కాబట్టి తాళంకప్ప ఇచ్చాడు. అన్నిట్లోకి వసంతకుమారి రాసిన తేనెటీగ పాఠం బ్రహ్మాండంగా కుదిరింది.

తీరా చూస్తే పెట్టెలో ఆ బొమ్మ లేదు. జనార్దనయ్య తోటి ట్రైనీ వెంగయ్యను పట్టుకున్నాడు.

"ఒరే వెంగయ్యా, తేనెటీగ యాడరా?"

"నా పాఠం అయినాక మల్లికార్జునానికి ఇచ్చినాను."

మల్లికార్జునం బావి దగ్గర పళ్లు తోముకుంటున్నాడు. "తరగతి గోడకే ఉండాది పో. వారం నుంచి ఎవురూ దించలా."

జనార్దనయ్యకు ప్రాణం లేచొచ్చింది. వారం నుంచి ఎందుకు దించలేదో అడగాలని తోచలేదు.

ఇనస్పెక్టరు వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. పాఠం పేరు పంతులు చెప్పకూడదు, ప్రశ్నలు వేసి పిల్లల నోటనే రప్పించాలి. అది ట్రైనింగు నియమం.

"పిల్లలూ, తోటలో పూల మీద..."

"తేనెటీగ సార్!" తరగతంతా అరిచింది.

"దానికి..."

"ఆరు కాళ్లు సార్!"

పీరియడంతా నడవాల్సిన పాఠం అతనికి చెమట ఆరేలోగా అయిపోయింది. ముందు వరుసలోని పెంచలమ్మకు జాలేసింది. "సార్, రాణీగ సంగతి మీరు అడగలా. వెంగయ్య సార్ అడిగినాడు."

"ఈ పాఠం ఎంతమంది చెప్పినారమ్మా?" అన్నాడు ఇనస్పెక్టరు.

"అందరూ చెప్పినారు సార్. ఈ సారుదే ఆలస్యం."

ఇనస్పెక్టరు లేచి, చూపుడు కర్ర పెంచలమ్మ చేతికిచ్చి, జనార్దనయ్యను పిల్లల మధ్య చాప మీద కూర్చోమన్నాడు. పెంచలమ్మ వసంతకుమారి మాదిరి లేని కొంగు సర్దుకొని, వెంగయ్య మాదిరి దగ్గి, పాఠం మొదలుపెట్టింది.

"కొత్తగా చేరినబ్బాయి చెప్పాల. తేనెటీగకు రెక్కలెన్ని?"

బొమ్మ ఎదురుగానే ఉన్నా, కంగారులో జనార్దనయ్య "రెండు" అన్నాడు.

"నాలుగు!" అని తరగతి గొల్లుమంది.

జనార్దనయ్య మళ్లీ తప్పాడు. పాఠం చెప్పిన పద్ధతికి పెంచలమ్మకు ఫస్టుక్లాసు మార్కులు పడ్డాయి గాని, వయసు చాలదని సర్టిఫికెట్టు ఇవ్వలేదు.