ఉప్పునీటి అనుమతి

సముద్రం అందరిదీ అన్న దురభిప్రాయం మానవజాతిలో చాలాకాలం చలామణి అయింది. మేము దిగిన రిసార్టువారు దాన్ని సరిదిద్దారు.

మా నాన్న ముప్పైయొక్క ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన్ని ఒక్కసారైనా సముద్రానికి తీసుకెళ్లాలని నేను పదకొండేళ్లుగా అనుకుంటున్నాను. (అనుకోవడానికి సెలవు పెట్టనక్కర్లేదు.) ఈ ఏడు నాలుగు రోజులు దొరికాయి. మా గది కిటికీలోంచి, రెండు కొబ్బరిచెట్ల నడుమ, బెత్తెడు నీలం కనిపిస్తుంది. దాన్ని బుకింగు కాగితంలో 'పాక్షిక సముద్ర వీక్షణం' అన్నారు. కుర్చీ ఎక్కితే జానెడు కనిపిస్తుందని నాన్న మొదటి గంటలోనే కనిపెట్టాడు.

సాయంత్రం ఇసుకలోకి వెళితే అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు దగ్గర గార్డు.

"స్లాటుందా మేడం?"

"దేనికి?"

"నీళ్లకి."

నీటి సంపర్కం మూడు శ్రేణులట: చీలమండ, మోకాలు, నడుము. ఏ శ్రేణికైనా యాప్‌లో ముందుగా సమయం తీసుకోవాలి. అరవై దాటినవారి వెంట 'బాధ్యులు' అని రిసార్టువారి తీర సంపర్క విభాగం ధ్రువీకరించిన మనిషి ఉండాలి. కెరటాలు మాత్రం ఏ స్లాటూ లేకుండా వస్తూ పోతూ ఉన్నాయి. (వాటి మీద విచారణ జరుగుతోందని గార్డు చెప్పాడు.)

మాకు మూడో రోజు సాయంత్రం నాలుగూ పదికి, పదిహేను నిమిషాలు దొరికింది. ఈలోగా నేను గొడుగు కింద కూర్చుని ఆఫీసు ఫోన్లు మాట్లాడుకున్నాను, నాన్నతో గడుపుతున్నానన్న తృప్తితో. నాన్న పోయి తువ్వాళ్ల కౌంటరు దగ్గర వరస సరిచేశాడు. "ముందుకు జరగండమ్మా, ముందు బోలెడు ఖాళీ ఉంది!" అని ఆయన ఒక్క కేక వేసేసరికి, మూడేళ్లుగా వంకరగా ఉన్న వరస తిన్నగా అయిందట. తువ్వాళ్లావిడ అప్పట్నుంచి ఆయనకో స్టూలు వేసింది.

మూడో రోజు ఆ ధ్రువీకరణకి మమ్మల్ని తీర సంపర్క విభాగానికి పిలిచారు. అది సముద్రం వైపు కిటికీ లేని ఏసీ గది. అధికారి టై కట్టుకుని, దాని మీద నారింజరంగు లైఫ్‌జాకెట్టు వేసుకుని ఉన్నాడు.

"మీరు వీరికి ఏమవుతారండీ?"

"కూతుర్ని." గుర్తింపు కార్డు చూపించాను.

"ఇందులో కూతురనే ఉందండీ. బాధ్యులని లేదు." కాగితం ముందుకు తోశాడు. "ఐదు ప్రశ్నలు. మీరో బల్ల, వారో బల్ల. మూడు కలిస్తే చాలు."

నాకు నవ్వొచ్చింది. మా నాన్న గురించి నన్ను అడగడమా! రెండు నిమిషాల్లో రాసిచ్చేశాను. నాన్న పావుగంట రాశాడు, దిద్దుకుంటూ.

అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"పేరు. కలిసింది. ఈత. మీరు 'రాదు' అన్నారు. వారు 'వచ్చు, చిన్నప్పుడు కాలువ ఈదేవాణ్ని' అన్నారు."

"నాన్నా, నీకు ఈతొచ్చా?"

"నువ్వెప్పుడూ అడగలేదు కదమ్మా."

"వినికిడి. మీరు 'బాగానే ఉంది' అన్నారు. వారు 'ఎడమ చెవి రెండేళ్లుగా లేదు' అన్నారు."

నేను మూడు రోజులుగా ఆయన ఎడమ పక్కనే నడుస్తున్నాను. చెప్పినమాట వినడం లేదని రెండుసార్లు విసుక్కున్నాను కూడా.

"పొద్దున ఏం తాగుతారు? మీరు 'కాఫీ, రెండు చెంచాల చక్కెర'. వారు 'చక్కెర మానేసి ఏడాదిన్నర'."

"మరి నేను కలిపిస్తే రోజూ తాగావుగా?"

"నువ్వు కలిపావు కదా తల్లీ."

"చివరిది, భయం. మీరు 'మా నాన్నకి భయమా!' అన్నారు." అధికారి గొంతు సవరించుకున్నాడు. "వారు 'అమ్మాయి పనిలో ఉన్నప్పుడు పొరపాటున ఫోను చేస్తానేమోనని' అన్నారు."

నాకు తల కొట్టేసినట్టయింది. నాన్న తప్పంతా తనదైనట్టు చొక్కా గుండీ సర్దుకుంటున్నాడు.

"ఐదుకి ఒకటండీ. బాధపడకండి, పేరు అందరికీ వస్తుంది. మీ స్లాటు బాధ్యుల కోటాలోది కాబట్టి రద్దవుతుంది. వారికి ఇంకెవరైనా ఉన్నారా?"

తువ్వాళ్ల దొంతర ఇచ్చిపోవడానికి వచ్చిన కౌంటరావిడ గుమ్మంలోనే ఆగింది. "నన్ను రాయనివ్వండి సార్."

ఆవిడకి ఐదుకి నాలుగు వచ్చాయి. పోయింది పేరొక్కటే. ('కండక్టరుగారు' అని రాసింది.)

"మరి మా అమ్మాయో?" అన్నాడు నాన్న.

"తాడుకి ఇవతల కూర్చోవచ్చండీ. సామాను చూసుకునే హోదాలో."

"అయితే నాకొద్దు బాబూ. గదికి పోదాం పదమ్మా, కుర్చీ ఎక్కితే కనిపిస్తుంది."

నేను ఈసారి ఆయన కుడిపక్కకి వెళ్లి నిలబడ్డాను. "వెళ్లు నాన్నా. నీకు నడుము శ్రేణి ఇచ్చారు. అది తేలిగ్గా ఇవ్వరు."

వెళ్లాడు. తువ్వాళ్లావిడ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని చెయ్యి పట్టుకుంది. మోకాళ్ల దాకా భయంభయంగా, నడుం దాకా నెమ్మదిగా దిగాడు. మరుక్షణం వెల్లకిలా తేలాడు. డెబ్బైరెండేళ్ల మనిషి, తెల్ల బనీనుతో, గోరువెచ్చటి నీళ్ల మీద ఆకులా. గట్టిగా నవ్వుతున్నాడు. ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. నాలుగూ ఇరవైఐదుకి గార్డు ఈల ఊదాడు. ఎడమ పక్క నుంచి ఊదాడు గనుక నాన్నకి వినిపించలేదు. ఇంకో ఏడు నిమిషాలు తేలాడు.

నేను ఆయన చెప్పులు ఒళ్లో పెట్టుకుని, తాడు దాకా వచ్చిన అధికారిని అడిగాను. "మళ్లీ పరీక్ష రాయొచ్చా?"

"తప్పకుండానండీ. ఆయనతో తొంభై రోజులు ఒకే ఇంట్లో ఉండి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇప్పటిదాకా ఒక్కటీ రాలేదు." లైఫ్‌జాకెట్టు జేబులోంచి కొత్త ఫారం తీసిచ్చాడు.

నేను ఫారం తీసుకున్నాను. (తీసుకోవడం దరఖాస్తు కిందకి రాదట.)