పడుకున్న గడ్డి

గోపాల్‌పూర్‌లో ఆ హోటలుకి సముద్రం వైపు అరెకరం పచ్చిక ఉంది. ఫైలిన్ తుఫానుకి సరుగుడు చెట్లన్నీ కూలిపోయాక, ఆ బోడి ఇసక మీద దిగపహండి నుంచి చెరువు మట్టి తోలించి, గడ్డి నాటి, కంటికి రెప్పలా కాపాడుకొచ్చినవాడు తోటమాలి వైకుంఠరావు. మేనేజరు సోమేశ్వరరావుకి మాత్రం ఆ పచ్చిక అంటే మొదట్నుంచీ గిట్టదు. "టైల్స్ పరిపిస్తే చీపురుతో తుడిచేసుకోవచ్చు కదయ్యా" అని నెలకోసారైనా అంటాడు. కూర్చుని నడిపే గడ్డి కోసే మిషను ఈమధ్యే వచ్చింది. ఆ ఖర్చు చూసినప్పట్నుంచి ఆ మాట నెలకోసారి కాస్తా వారానికోసారి అయింది.

ఆ ఆదివారం సాయంత్రం పచ్చిక మీద ఒక నిశ్చితార్థం. పొద్దున్న ఆరింటికి వైకుంఠరావు వేసుకున్న పథకం చిన్నదే. పచ్చికంతా చారలు చారలుగా కోయాలి. టీవీలో క్రికెట్ వస్తుంటే అందరూ బంతిని చూస్తారు, అతను కింద గడ్డిని చూస్తాడు. అక్కడి చారల కిటుకు కనిపెట్టడానికి అతనికి రెండు నెలలు పట్టింది. ఇసక కూరిన ఇనప గొట్టాన్ని మిషను వెనకాల కట్టి లాక్కుపోతే, కోసిన గడ్డి వెళ్లే వైపుకి ఒరుగుతుంది. తిరిగొచ్చేటప్పుడు పక్క చార ఇటు ఒరుగుతుంది. మనకి దూరంగా ఒరిగింది తెల్లగా, మన వైపు ఒరిగింది నల్లగా కనిపిస్తుంది. అంతే. రంగూ లేదు, మందూ లేదు.

ఎనిమిదయ్యేసరికి వరండా మెట్ల నుంచి సముద్రం గోడ దాకా పన్నెండు చారలు దిద్దినట్టు పడ్డాయి. వైకుంఠరావు వరండా ఎక్కి చూసుకుని, ఎవరూ లేరు కదా అని కాస్త నవ్వుకున్నాడు కూడా.

అప్పుడే సోమేశ్వరరావు కాఫీ కప్పుతో బయటికి వచ్చాడు.

"ఇదేమిటయ్యా వైకుంఠం! సగం పచ్చిక ఎండిపోయిందేం?"

"ఎండిపోనేదు బాబూ. పడుకుంది."

"ఏది?"

"గడ్డి బాబూ. ఓ సార అటు పడుకుంది, ఓ సార ఇటు పడుకుంది."

"సాయంత్రం చుట్టాలొస్తుంటే గడ్డి పడుకోవడమేమిటి? లేపు!"

వైకుంఠరావు నోరు తెరిచేలోగా మేనేజరు ఫోను మోగింది. పూలు తెస్తానన్నవాడు రానన్నాడట. "నువ్వు ముందు బరంపురం వెళ్లి బంతిపూలు పట్రా. ఇక్కడి సంగతి నేను చూసుకుంటాను" అని అతన్ని పంపించేసి, మొక్కలకి నీళ్లు పెట్టే కొండలు అనేవాణ్ణి కేకేశాడు. కొండలు నలభయ్యేళ్ల మనిషి. చెప్పిన పని అక్షరం పొల్లుపోకుండా చేస్తాడు. చెప్పని ఆలోచన పొరపాటున కూడా చేయడు.

"తెల్లబడ్డ చారలు ఆరున్నాయి. వాటికి బాగా నీళ్లు పట్టు. నల్లగా ఉన్నవాటి జోలికి వెళ్లకు. అర్థమైందా?"

"హఉ బాబూ" అని తలూపాడు కొండలు.

నీళ్ల కుళాయి సముద్రం గోడ దగ్గరుంది. కొండలు అక్కడికి వెళ్లి, గొట్టం తగిలించి, తలెత్తి చూశాడు. తెల్ల చారలు సరిగ్గా ఆరే ఉన్నాయి. కానీ అటు నుంచి చూస్తే తెల్లనివి నల్లగా, నల్లనివి తెల్లగా ఉంటాయన్న సంగతి లోకంలో ఒక్క వైకుంఠరావుకే తెలుసు. అతను అప్పటికి బస్సులో ఉన్నాడు.

పది గంటలకి సోమేశ్వరరావు వరండాలోకి వచ్చి చూస్తే, తెల్లవి తెల్లగానే ఉన్నాయి. "నీళ్లు పట్టావా?" అని అరిచాడు. "తెల్లవాటికే పట్టినాను బాబూ!" అని అటు నుంచి జవాబు వచ్చింది. "చాల్లేదు, ఇంకా పట్టు!" పదకొండింటికీ అంతే. పన్నెండింటికి మేనేజరుకి ఒళ్లు మండి, "టాంకు వాల్వు మొత్తం తిప్పెయ్!" అన్నాడు. బూట్లు పాడవుతాయని మెట్టు మాత్రం దిగలేదు. మధ్యాహ్నం టెంటువాళ్లు వచ్చి, చారల పొడుగునా ఎదురెదురుగా రెండు వరసలు కుర్చీలు వేసి, చెప్పులు దులుపుకుని వెళ్లిపోయారు.

వైకుంఠరావు పూల బుట్టతో తిరిగొచ్చేసరికి మూడున్నర. పచ్చిక మీద అడుగు వేశాడు. కాలు చీలమండ దాకా దిగింది.

"ఒరే కొండలూ, ఏటి సేసినావురా?"

"తెల్ల సారలకి నీల్లెట్టమన్నారు మావా, ఎట్టినాను."

వైకుంఠరావు అతని చెయ్యి పట్టుకుని వరండాకి లాక్కొచ్చాడు. "ఇప్పుడు సూడు. నువ్వు తడిపినవి ఏ రంగున్నాయి?"

కొండలు చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. "మావా, నీల్లెక్కువై నల్లబడిపోనాయేమో!"

మేనేజరుకి చెప్పబోతే, "ఇంకా ఆ పడుకునే కథేనా?" అని కసిరాడు. కనీసం తడి చార మీదున్న వరస కుర్చీలైనా జరపమని వైకుంఠరావు బతిమాలుతుండగానే గేటు దగ్గర కార్లు ఆగాయి. మగపెళ్లివారు బరంపురం నుంచి, ఆడపెళ్లివారు భంజనగర్ నుంచి ఒక్కసారే దిగారు. ఆడపెళ్లివారు ఎడమ వరసలో, పొడి చార మీద కూర్చున్నారు. మగపెళ్లివారు కుడి వరసలో కూర్చున్నారు. వాళ్ల తరఫు పెద్ద పెళ్లికొడుకు మేనమామ వెంకటరమణమూర్తి. ముప్పయ్యేళ్లు సైన్సు చెప్పి రిటైరైన మాస్టారు. మంచి భారీ విగ్రహం.

వైకుంఠరావు మామిడాకుల తోరణం పక్కన నిలబడి, ఆయన కుర్చీ కాళ్లనే చూస్తున్నాడు. పంతులుగారు లగ్నపత్రిక మొదలెట్టారు. వంశం పేరు వచ్చేసరికి మూర్తిగారు బెత్తెడు దిగారు. గోత్రానికి ఇంకో బెత్తెడు. పక్కన కూర్చున్నవాళ్లు కూడా ఒక్కొక్కళ్లే, మర్యాదగా దిగుతున్నారు.

పెళ్లికూతురి మేనత్త కామేశ్వరమ్మ ఎదుటి వరసలో నుంచి మెడ చాపి చూసింది. "అన్నయ్యగారూ, అక్కడే ఉన్నారా? కనిపించడం లేదు" అంది. ఆమె నిజంగా కంగారుపడే అడిగింది. కానీ వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

మూర్తిగారి మొహం ఎర్రబడింది. "మమ్మల్ని పల్లంలో కూర్చోబెట్టి మీరు గట్టెక్కుతారా? చాలు. లేవండర్రా!" అని లేవబోయారు. కుర్చీ కూడా ఆయనతోనే లేచింది. ఇద్దరు పట్టి లాగితే కుర్చీ ఊడింది గాని, చెప్పులు బురదలోనే ఉండిపోయాయి.

"ఇటు వచ్చి మా కుర్చీల్లో కూర్చోండి అన్నయ్యగారూ" అంది కామేశ్వరమ్మ.

"మీరు లేచిన కుర్చీలో నేను కూర్చోవాలా? అసలు ఈ సంబంధమే మాకొద్దు!"

పెళ్లికూతురు తల దించుకుంది. పెళ్లికొడుకు ఏదో అనబోతే మేనమామ చూపుకి ఆగిపోయాడు. సోమేశ్వరరావు వైకుంఠరావు చెవి దగ్గరికి వచ్చి, "రేపే టైల్స్. నువ్వు వేరే పని చూసుకో" అన్నాడు.

పని పోతే పోయింది అనుకున్నాడు వైకుంఠరావు. ముందు ఆ పెద్దమనిషిని బురదలోంచి గట్టుకి చేర్చాలి కదా. ఆ నేలలో దిగబడనిది వెడల్పు చక్రాల గడ్డి మిషను ఒక్కటే. పరుగున వెళ్లి, కత్తులు ఊడదీసి, మిషను తెచ్చి ఆయన ముందు ఆపాడు. "బాబూ, దీనిమీద పెల్లోరెవులూ కూకోనేదు. కొత్తది. ఎక్కండి."

మూర్తిగారు ఆ సీటు వంక అనుమానంగా చూసి, ఎక్కారు. ఎక్కాక చుట్టూ చూశారు. ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ అందరూ ఆయనకి కిందే ఉన్నారు. గొంతు కొంచెం దిగింది. "ఇది ఎలా నడుస్తుందోయ్?"

వైకుంఠరావు చూపించాడు. మూర్తిగారు బడబడమంటూ సముద్రం గోడ దాకా వెళ్లి, మిషను తిప్పి ఆగారు. సీటు మీంచి ముందుకి వంగి చారల వంక చూశారు.

"ఏమయ్యా, మేం కూర్చున్న చార అటు నుంచి నల్లగా ఉండేది. ఇటు నుంచి తెల్లగా ఉందేం?"

"గడ్డి పడుకుంది బాబూ" అన్నాడు వైకుంఠరావు నీరసంగా. పొద్దున్నించి ఆ మాటకి తిట్లే తిన్నాడు.

"కాంతి!" అని ఒక్క కేక వేశారు మాస్టారు. "అటు ఒరిగితే వెలుగు కంటికి తిరిగొస్తుంది, ఇటు ఒరిగితే నీడ! ముప్పయ్యేళ్లు పాఠం చెప్పానయ్యా, నేల మీద గీసినవాణ్ణి ఇవాళ చూశాను. అందరూ ఇలా రండి!"

ఇక ఎవరు ఆగుతారు? రెండు వైపులవాళ్లూ చెప్పులు చేతబట్టుకుని గోడ దగ్గరికి వెళ్లి చూశారు, మళ్లీ వరండాకి వచ్చి చూశారు. కామేశ్వరమ్మ నమ్మక మూడుసార్లు తిరిగింది. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ అన్నిసార్లూ ఒకే చార మీద నడిచారు. సముద్రం గోడ దగ్గరే తాంబూలాలు మార్చుకున్నారు. మూర్తిగారు సీటు దిగకుండానే అందుకున్నారు. ఏడింటికి చూస్తే పచ్చిక మీద ఒక్క చార కూడా మిగల్లేదు. వైకుంఠరావు ఆ తొక్కిడిని చూసి బాధపడాలో సంతోషించాలో తెలియక, మాస్టారి చెప్పులు తవ్వి తీసి కడిగి ఇచ్చాడు.

వెళ్లేముందు మూర్తిగారు పెళ్లి కూడా ఇక్కడేనని తేల్చి చెప్పారు. సోమేశ్వరరావు టైల్స్ మాట మర్చిపోయి, మొదటిసారి మెట్టు దిగి గడ్డి మీదికి వచ్చాడు. "వైకుంఠం, పెళ్లినాటికి ఆ చారలు మళ్లీ వస్తాయా?"

"వత్తాయి బాబూ. కొండలికి మాత్రం సెలవియ్యండి."

మర్నాడు పొద్దున్నే భంజనగర్ నుంచి ఆడపెళ్లివారు ఫోను చేశారు. భోజనాలూ మేళమూ మగపెళ్లివారి ఇష్టమేనట, కామేశ్వరమ్మగారికి మాత్రం వేరే మిషను ఉండాలట.