చేగోడీల డబ్బాలో నల్ల ముక్క

బ్రిస్బేన్‌లో రిటైరైన ఇంజనీరు యోగానంద్‌కి ఇద్దరు. ఒకరు కట్టుకున్న భార్య జ్ఞానప్రసూన. రెండోది అరవై దాటిన కారు. ప్రసూన దాన్ని "సవతి" అంటుంది.

దానికి రంగు వెయ్యడు, తుప్పు గీకనివ్వడు. "పాతది పాతగా ఉంటేనే అందం" అంటాడు.

"ఆ మాట నా మోకాళ్ళకి చెప్పండి" అంటుందావిడ.

పెర్త్‌లో కూతురు లాస్యకి నెలలు నిండుతున్నాయి. రేపు సాయంత్రం ప్రసూన విమానమెక్కాలి. మళ్ళీ ఆరు నెలలకిగానీ రాదు. ఆ మాట విన్నప్పటినుంచి యోగానంద్‌కి ముద్ద దిగడం లేదు. 'వెళ్ళకు' అనడానికి అభిమానం అడ్డొచ్చింది. అందుకని పథకం వేశాడు.

"వెళ్ళేలోగా అవుట్‌బ్యాక్ ఎడారి చూపిస్తా" అని సవతి మీద ఊరేగించాడు. తిరుగుదారిలో, ఎర్రమట్టి తప్ప ఇంకేమీ కనబడని చోట ఆగి, ఆవిడ పొదల చాటుకెళ్ళగానే బానెట్ ఎత్తాడు. అందులో బొటనవేలంత నల్ల ముక్క ఒకటుంటుంది. అది లేకపోతే ఇంజను మూలుగుతుందేగాని లేవదు. దాన్ని తీసి, ప్రసూన దారికని తెచ్చిన చేగోడీల డబ్బాలో అడుక్కి దోపేశాడు.

"అయ్యో, స్టార్ట్ కావడం లేదు ప్రసూనా!"

"రేపు నా ఫ్లైటండీ!"

"ఏం చేస్తాం, పాత కారు."

అంతలో కారు వెనక చక్రాల ఇల్లులాంటి కారవాన్ తగిలించుకుని బ్యారీ అనే ముసలాయన, భార్యతో వచ్చి ఆగాడు. యోగానంద్ బానెట్‌లోకి తల దూర్చి, "నో వర్రీస్, ఇంజను చల్లారాలి, అంతే" అని తరిమేశాడు.

వాళ్ళ దుమ్ము కూడా కనబడకుండా పోయింది. ఎండ నెత్తికెక్కింది. ఫోనుకి సిగ్నల్ లేదు. నీళ్ళ క్యాను సగానికి దిగింది. ప్రసూన పెదాలు ఎండిపోవడం చూశాడు యోగానంద్. పథకం చాలనుకుని డబ్బా మూత తీశాడు.

ఖాళీ.

"చేగోడీలేవే?"

"ఇందాక ఆ బ్యారీ భార్య డబ్బాతో కేకు ఇచ్చిందండీ. డబ్బా ఖాళీగా ఎలా తిరిగిస్తాం? మనవన్నీ అందులో ఒంపేశాను."

"అన్నీనా?"

"చేగోడీలకి అంత చెమటలేమిటండీ!"

చెప్పలేడు, మింగలేడు. ఈగలు మూతిమీద వాలుతున్నా తోలుకోలేదు. తన వంతు నీళ్ళ గుక్క కూడా ఆవిడకే ఇచ్చాడు. తను చేసిన పనికి ఈవిడ ఇక్కడే సొమ్మసిల్లితే? ఆరు నెలలు కాదు... ఆ పైమాట ఊహించలేక కళ్ళు మూసుకున్నాడు.

చాలాసేపటికి దూరాన దుమ్ము లేచింది. బ్యారీయే!

"తక్కినవి బ్రహ్మాండం అమ్మా. ఇది మాత్రం కొరికితే నా పన్ను కదిలింది. చూస్తే కారు ముక్క! ఇది లేకుండా మీరు కదల్లేరు కదాని వెనక్కొచ్చాం."

ప్రసూన ఆ ముక్కని చూసింది. మొగుణ్ణి చూసింది.

"ఇది చేగోడీల్లోకి ఎలా వచ్చిందండీ?"

"అదీ... జారి..."

"జారి, మూత తీసుకుని, లోపలికెళ్ళి, మళ్ళీ మూత పెట్టుకుందా?"

యోగానంద్ నేలచూపులు చూశాడు. "ఆరు నెలలే ప్రసూనా... ఆ ఇంట్లో ఒక్కణ్ణీ..."

ఆవిడ గడ్డం ఒక్కసారి వణికింది. తర్వాత చీర కుచ్చిళ్ళు దులుపుకుని వెళ్ళి బ్యారీ ఏసీ కారులో కూర్చుంది.

"టౌనుదాకా మీ ముందు మేం వెళ్తాం" అంటూ బ్యారీ, దారిలో మాట్లాడుకోవడానికి ఓ చేతి రేడియో ఇచ్చాడు.

ముక్క బిగించగానే ఇంజను లేచింది. ముందు కారవాన్, వెనక దుమ్ము తింటూ సవతిలో యోగానంద్ ఒక్కడూ. రేడియో గరగరలాడింది.

"ఏమండీ, వినబడుతున్నానా?"

"ఆఁ."

"కనబడుతున్నానా?"

"ఎక్కడ! అంతా దుమ్మే."

"అయినా బండి నడుపుతున్నారు కదా. పెర్త్ వెళ్ళినా ఇంతే. ఇప్పట్నుంచే ప్రాక్టీసు చెయ్యండి."

 యోగానంద్ మీట నొక్కాడు.

"ప్రసూనా... ఆయన్ని కాస్త నెమ్మదిగా పొమ్మను."