దిగుమతి విచారణ

ఎన్నికల్లో తనకు ఎదురు నిలిచినవాళ్ళ మీద సొంత దేశం పోలీసులతోనే విచారణ చేయించే నాయకుణ్ణి నమ్మకండి! అతనికి లోకజ్ఞానం లేదు. పైగా వట్టి పిసినారి!

మీరే ఆలోచించండి. టోగో సరిహద్దుని ఆనుకుని ఉన్న మన అగ్బోకొపేలో తినే బియ్యం వియత్నాంది. టమాటా డబ్బా ఇటలీది. ఆదివారం చర్చికి వేసుకెళ్ళే కోటు ఎవరో జర్మనీ ఆయన విడిచిపెట్టింది. ఆఖరికి పళ్ళు కుట్టుకునే పుల్లలు కూడా చైనా నుంచి ఓడెక్కి వస్తున్నాయి. ఇన్ని తెప్పించుకుంటూ విచారణ ఒక్కటి మాత్రం లోకల్ సరుకుతో సరిపెట్టుకోవాలా? నాయకుడన్నాక ఆ మాత్రం హోదా వద్దా?

మన ఎంపీ డోట్సే అవూమే గారు ఈ సంగతి అందరికంటే ముందు గ్రహించారు. ఆ గ్రహింపు కింద పడి నలిగినవాడు సెన్యో మాస్టారు.

సెన్యో బడిలో ఫ్రెంచ్ చెబుతాడు. పిల్లలు రాసినదాంట్లో అక్షరం మీద గీత ఒకటి తప్పినా మార్కు కోసేసే రకం. అతని భార్య మావుసీ సముద్రం ఒడ్డున మట్టి పొయ్యిల మీద చేపలు పొగబెట్టి అమ్ముతుంది. నిజం చెప్పాలంటే ఆ ఇల్లు నడిచేది ఫ్రెంచ్ మీద కాదు, పొగ మీద.

ఆ ఏడు ఎంపీ గారికి పోటీగా ఎసీనామ్ నిలబడింది. ఉల్లిపాయల వ్యాపారి. ఆవిడ బజారు ఈ చివర నవ్వితే ఆ చివర వినపడుతుంది. ఆడవాళ్ళంతా ఆవిడ వెనకే. ఎంపీ గారు కంగారుపడి ముందు మన పోలీసులనే పురమాయించారు. వాళ్ళు వెతికి వెతికి, ఆవిడ మేక ఒకసారి బడి తోటలో పడి మొక్కజొన్న మేసిందని తేల్చారు. దేశవాళీ విచారణ అంటే ఇంతే! మేక దగ్గర ఆగిపోతుంది.

అప్పుడు ఎంపీ గారు సెన్యోని పిలిపించారు.

"మాస్టారూ, టోగో వెళ్తున్నాం. ప్రిఫెక్టు గారితో మాటలున్నాయి. నువ్వు దుబాసీవి."

సరిహద్దు గేటు మన బజారుకు ఆనుకునే ఉంది. అవతలి జిల్లాని ఏలే ప్రిఫెక్టు కొమ్లాన్ గారి ఆఫీసు గేటు దాటితే వచ్చేస్తుంది. సెన్యోకి సందేహం కలిగింది.

"అయ్యా, ఆయనదీ మన ఎవే భాషే కదా! మీ ఇద్దరి అమ్మమ్మలూ ఒకే ఊరి ఆడపడుచులు. మధ్యలో నేనెందుకండీ?"

ఎంపీ గారు జాలిగా చూశారు. "ఎవేలో మాట్లాడుకుంటే చుట్టాల ముచ్చట అవుతుందయ్యా. ఇది రెండు దేశాల వ్యవహారం!"

చూశారా ముందుచూపు!

ప్రిఫెక్టు గారు అక్ప్లె అనే మొక్కజొన్న పిండి ముద్దలు, బెండకాయ పులుసు పెట్టించారు. తింటున్నంతసేపూ ఇద్దరూ ఎవేలోనే అమ్మమ్మల మోకాళ్ళ నొప్పుల గురించీ, పోయినవాళ్ళ గురించీ, పోబోతున్నవాళ్ళ గురించీ కబుర్లు చెప్పుకున్నారు. చేతులు కడుక్కున్నారు. కుర్చీల్లో నిటారుగా కూర్చున్నారు. అంతే! ఎంపీ గారు మన సర్కారు ఇంగ్లీషు అందుకున్నారు, ప్రిఫెక్టు గారు వాళ్ళ సర్కారు ఫ్రెంచ్ అందుకున్నారు. మధ్యలో సెన్యో తల అటూ ఇటూ తిప్పుతూ తర్జుమా మొదలెట్టాడు.

"మా దగ్గర ఒకావిడ ఉంది. ఉల్లిపాయల కోసం మీ వైపు వస్తూ పోతూ ఉంటుంది. ఆవిడ మీద మీరు విచారణ జరపాలి," అన్నారు ఎంపీ గారు.

"ఏం చేసిందావిడ?"

"అది మీరే కనిపెట్టాలి."

"వెతికితే ఏమీ దొరక్కపోతే?"

"దొరకనవసరం లేదండీ! విచారణ మొదలైందని మీరు రేడియోలో ఒక్క మాట అనండి. మిగతాది మా జనం ఊహించుకుంటారు."

ప్రిఫెక్టు గారు గడ్డం నిమురుకున్నారు. "మా బావమరిది బిల్డింగులు కడుతుంటాడు. ఇసుక దొరక్క నానా అవస్థ పడుతున్నాడు, పాపం. మీ తీరంలో బోలెడు ఇసుక ఊరికే పడి ఉంది కదా."

సెన్యో తర్జుమా చేయబోయి ఆగాడు. సముద్రానికీ మావుసీ పొయ్యిలకీ మధ్య అడ్డం ఉన్నది ఆ ఇసుకే. 'ప్రిఫెక్టు గారు మీ ఆరోగ్యం అడుగుతున్నారు' అని చెప్పేస్తే? ఒక్క క్షణం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ గీత తప్పినందుకు పిల్లల మార్కులు కోసిన మనిషి, వాక్యానికి వాక్యం ఎలా మార్చేస్తాడు? ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎంపీ గారు ఒప్పుకోరులే అన్న ధీమా కూడా ఉంది.

"ఇసుకే కదా! పట్టుకెళ్ళమను," అన్నారు ఎంపీ గారు.

సెన్యో ఆ మాట తర్జుమా చేయలేదు. ఎవేలో గబగబా అనేశాడు. "అయ్యా, ఇసుక పోతే సముద్రం లోపలికి వచ్చేస్తుంది. పొయ్యిలన్నీ అక్కడే ఉన్నాయి. మా ఆవిడవి కూడా..."

ఇద్దరికీ అర్థమైంది. ఇద్దరూ అర్థం కానట్టే చూశారు.

"దుబాసీ సొంత మాటలు మాట్లాడకూడదు," అన్నారు. ఒకాయన ఇంగ్లీషులో, ఇంకొకాయన ఫ్రెంచ్‌లో. సెన్యో తల వంచుకుని ఎంపీ గారి మాటని ఫ్రెంచ్‌లోకి మార్చాడు.

ఆ వారమే రేడియోలో వార్త వచ్చింది. ఆ వారమే లారీలూ వచ్చాయి.

దిగుమతి సరుకు మహిమ అప్పుడు చూడాలి! మేక గురించి ఎవరూ పట్టించుకోనిది, 'విదేశంలో విచారణ' అనేసరికి ఊరంతా చెవులు కొరుక్కుంది. ఉల్లిపాయల బస్తాల్లో బంగారమట! కాదు, అవతల ఇంకో మొగుడట! కాదు, ఆ మొగుణ్ణి ఏదో చేసేసిందట! నిన్నటిదాకా అక్కా అక్కా అన్నవాళ్ళు ఆవిడ కొట్టు ముందు నుంచి తల తిప్పుకుని పోసాగారు.

ఎసీనామ్ ఊరుకోలేదు. కొంగు బిగించి గేటు దాటి, అవతలి పోలీసు ఠాణాకి వెళ్ళింది.

"నా మీద విచారణట. ఇదిగో వచ్చాను, కానివ్వండి!"

"మెల్లగా అక్కా," అన్నాడు అక్కడి జమాదారు. "దేని గురించో మాకూ తెలీదు. జరుగుతోంది అనమన్నారు, అంటున్నాం."

"ఎప్పటికి తెములుతుంది?"

"మీ ఎలక్షన్ అవగానే!"

ఈలోగా సముద్రం పోటెత్తే కాలం వచ్చింది. అడ్డుగా ఇసుక లేదు కదా, అల తిన్నగా లోపలికి నడిచొచ్చింది. ఒక పొద్దున మావుసీ కట్టెలు నెత్తిన పెట్టుకుని వెళ్ళేసరికి పొయ్యిలు లేవు. మోకాలి లోతు నీళ్ళు, నీళ్ళ మీద తేలుతున్న, చేపలు పరిచే జల్లెళ్ళు. అత్తగారి కాలం నుంచి పొగబారిన పొయ్యిలవి.

ఆవిడ ఇంటికొచ్చి మొగుడి ముందు నిలబడింది. "ఆ లారీలని ఎవరు రమ్మన్నారు?"

సెన్యో అంతా చెప్పాడు.

"అయితే ఆ మాట నీ నోటమ్మటే నడిచిందా?"

"నా నోటమ్మటే. కానీ మాట నాది కాదే!"

"పొయ్యి మాత్రం నాది," అంది మావుసీ.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. బజారు మధ్య మీటింగు. ఎంపీ గారు మైకు పుచ్చుకున్నారు. "మన ఇసుక దోచేస్తున్న లారీలు ఎవరివో తెలుసా? ఎసీనామ్‌వి! ఇది నా మాట కాదు, విదేశీ విచారణలో తేలింది!"

జనంలోంచి సెన్యో లేచాడు. వేదిక దగ్గరకెళ్ళి, ఆ రోజు ఎవరేమన్నారో వరసగా, ఒక్క ముక్క పోకుండా చెప్పాడు.

ఎంపీ గారు చిరునవ్వు నవ్వారు. "మాస్టారు తర్జుమాలో పొరబడ్డారు, పాపం. నేను మాట్లాడింది ఉల్లిపాయల ధర గురించి."

"ఉల్లిపాయల ధరకి నా పొయ్యెందుకు కొట్టుకుపోయిందయ్యా?" అని వెనక నుంచి మావుసీ అరిచింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పాకింది. నాయకుడు తిట్లు తట్టుకుంటాడు, రాళ్ళు కూడా తట్టుకుంటాడు గానీ బజారు నవ్వితే తట్టుకోలేడు. డోట్సే గారు ఓడిపోయారు. ఎసీనామ్ గెలిచింది.

గెలిచిన వెంటనే ఆవిడ సెన్యోకి కబురు పెట్టింది. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని హుషారుగా వెళ్ళాడు.

"లారీలు ఎప్పుడు ఆపిస్తారమ్మా?"

"ఆపిద్దాం మాస్టారూ, ఆపిద్దాం. ముందు చిన్న పనుంది. ఆ డోట్సేకి అవతల ఓ ఇల్లుందట. ప్రిఫెక్టు గారు దాని మీద కాస్త విచారణ పెడితే బాగుంటుంది. ఈ సమయంలో లారీలు ఆపి ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకు? నువ్వు నాతో రా. ఫ్రెంచ్ వచ్చినవాడివి."

సెన్యో చేతులు జోడించాడు.

"క్షమించండమ్మా. ఫ్రెంచ్ మర్చిపోయాను."

"అదేంటి! బడిలో నువ్వు చెప్పేది అదేగా!"

"ఇందాకటి దాకా వచ్చమ్మా. ఇప్పుడే పోయింది."

చూశారా! దేశసేవకి పిలిస్తే వచ్చే జవాబు ఇదా? ఇలాంటివాళ్ళ వల్ల కాదూ మన నాయకులు ఎదగలేకపోతున్నది?

సెన్యో తిన్నగా తీరానికి వెళ్ళాడు. మావుసీ ఈసారి రోడ్డుకు దగ్గరగా, వెనక్కి జరిగి కొత్త పొయ్యిలకి మట్టి కలుపుతోంది. అతను ఇస్త్రీ చొక్కా విప్పి పక్కన పెట్టి, ప్యాంటు మడిచి, మట్టిలో దిగి తొక్కడం మొదలెట్టాడు. ఆవిడ కాస్త జరిగి చోటిచ్చింది.

వాళ్ళ వెనక నుంచి ఇసుక లారీలు నిండుగా పోతూనే ఉన్నాయి. పోవా మరి? రెండు దేశాల మధ్య మాట! ఎంపీ మారినంత మాత్రాన తప్పుతామా?