అమ్మవారు ముప్పై ఎనిమిది గజాలు జరిగిన వైనం

యారాడ సరిహద్దు తగాదాను ఏ పక్షానికీ ఒక్క సెంటు నష్టం రాకుండా పరిష్కరించి, దేశానికే ఆదర్శంగా నిలుస్తామని మంత్రిగారు ప్రకటించారు. అద్దెకు నేనేసిన షామియానా కిందే ప్రకటించారు. నా షామియానాల కింద ఇప్పటిదాకా దేశానికి పదకొండు ఆదర్శాలు పుట్టాయి. చినుకు పడితే కారే గుడ్డకు అంతకన్నా ఏం కావాలి.

తగాదా చిన్నదే. ఒకపక్క పోతమ్మ, ఆమె చేపలు ఎండబెట్టుకునే పన్నెండు సెంట్ల ఇసక నేల. రెండోపక్క కంపెనీ. దాని పేరుతో కొండ మీంచి కూడా కనిపించేంత బోర్డు ఉంది కాబట్టి నేను మళ్ళీ రాయక్కర్లేదు. రెంటికీ మధ్య ఒక సర్వే రాయి. రాయికి అటంతా కంపెనీ, ఇటు సముద్రం దాకా పోతమ్మ. ఆ నేల పోతే ఆమెకు వేరే బతుకుతెరువు లేదు.

రాయిని పీకడానికి కంపెనీ క్రేను రెండుసార్లు వచ్చింది. మూడోసారి వచ్చేసరికి రాయికి పసుపు, కుంకుమ, వేపమండలు ఉన్నాయి. క్రేను డ్రైవరు లెంపలేసుకుని బండి వెనక్కి తిప్పేశాడు.

“నానే అమ్మోరిని సేసీసినాను బాబూ,” అంది పోతమ్మ నాతో, నవ్వు దాచుకుంటూ. “ఇప్పుడు ముట్టుకోమను, సూద్దారి.”

నాకూ సంతోషం వేసింది. అయితే సంగతి మంత్రిగారి చెవిన కూడా పడింది. ఆయన మామూలు నాయకుడు కాదు, గుడి కనిపిస్తే చెప్పులు, కెమెరా కనిపిస్తే నల్లకళ్ళజోడు తీసేస్తారు. కాన్వాయ్‌తో వచ్చి కొబ్బరికాయ కొట్టి, అమ్మవారు తన కలలోకి రెండుసార్లు వచ్చిందని చెప్పారు. కంపెనీ అక్కడికక్కడే సీఎస్ఆర్ కింద, అంటే సమాజసేవ పద్దులో, గుడి కట్టిస్తానంది. పోతమ్మే హారతి ఇచ్చింది. గుడి కట్టాక రాయిని ఇంకెవడు కదుపుతాడని ఆమె ధీమా.

వాస్తు పండితుడు కదిపాడు. అమ్మవారి చూపు కంపెనీ క్యాంటీను మీద పడుతోందట, అరిష్టమట. సముద్రం వైపు ముప్పై ఎనిమిది గజాలు జరపాలన్నాడు.

పోతమ్మ కొడుకు ఎల్లాజీ వెళ్ళి తహసీల్దారు త్రినాథరావు గారిని అడిగాడు. “సర్వే రాయి కదిపితే కేసని మీరే సెప్పినారు గదా సార్. ఇప్పుడిదేటి?”

“రాయిని కదిపితే కేసు. అమ్మవారిని కదిపితే పునఃప్రతిష్ఠ. రూల్సు చదువుకో బాబూ,” అన్నారాయన ఓపిగ్గా.

మేళతాళాలతో పునఃప్రతిష్ఠ జరిగింది. మర్నాడు జాయింట్ సర్వే. తహసీల్దారు గారు బూట్లు విప్పి, అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, అక్కణ్ణుంచి టేపు పట్టించారు. రెవెన్యూ శాఖలో అంతటి భక్తి నేను చూడలేదు. పోతమ్మ భూమి రాయికీ సముద్రానికీ మధ్య ఉన్నట్టు రికార్డు. ఇప్పటికీ మధ్యనే ఉంది. అల వచ్చినప్పుడు మాత్రం కనిపించదు. ఆ సాయంత్రమే ఎల్లాజీ ఎండుచేపల తట్టలన్నీ రోడ్డు మీదికి మోసుకెళ్ళాడు.

విజయోత్సవ సభకు నాలుగు వందల కుర్చీలు వేశాను. శిలాఫలకం కన్నా ముందే “ఆలయ పరిసరాల్లో చేపలు ఎండబెట్టరాదు” అన్న బోర్డు లేచింది. మంత్రిగారు పోతమ్మను తొలి భక్తురాలిగా వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు.

“అది అమ్మోరు కాదు బాబూ, ఉత్తి రాయి. పసుపు నానే రాసినాను,” అందామె మైకులో.

“ఎంత వినయం,” అన్నారు మంత్రిగారు. జనం చప్పట్లు కొట్టారు.

పోతమ్మ శాలువాతోనే దిగిపోయింది. బిందెడు నీళ్ళు తెచ్చి రాయి మీద పోసి, కొబ్బరిపీచుతో బరబరా తోమడం మొదలుపెట్టింది. ఏడుస్తూ తోమింది. జనం మాత్రం అభిషేకం అనుకుని, తలా ఒక బిందె పట్టుకుని ఆమె వెనక బారులు తీరారు. తోమగా తోమగా పసుపంతా పోయి, రాయి మీద చెక్కిన సర్వే నంబరు బయటపడింది.

మంత్రిగారు వంగి ఆ నంబరు చదివారు. చేత్తో తాకి కళ్ళకద్దుకున్నారు. తర్వాత పసుపు పళ్ళెం తెప్పించుకుని, దానిమీద స్వహస్తాలతో మూడు పూతలు పూశారు.